మూడేళ్ల బాబుతో వరంగల్‌లో ఒక రోజు: ఐదు చోట్లు వద్దు, రెండు చాలు

హుజూరాబాద్ నుంచి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, మూడేళ్ల బాబు, మీ ఆయన, అత్తమ్మతో కలిసి వరంగల్ వచ్చి జూ, భద్రకాళి గుడి, వేయి స్తంభాల గుడి, కోట, కుదిరితే రామప్ప కూడా చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరగలమా అని అడిగారు. పెద్దవాళ్లే ఉండి, చేతిలో కారుంటే, పరుగులు పెట్టి చూడొచ్చు. బాబుతో మాత్రం ఐదింట్లో రెండే పెట్టుకోండి. రామప్పనైతే అసలు లెక్కలోంచే తీసేయండి. అది ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, హన్మకొండ నుంచి ఒకవైపే 65 కిలోమీటర్ల పైన. 2021లో యునెస్కో జాబితాలో చేరాక వచ్చేపోయే జనం కూడా పెరిగారు. దానికి విడిగా ఒక రోజు కావాలి, అదీ బాబు ఇంకాస్త పెద్దయ్యాక.

నేను హన్మకొండలో చాలా ఏళ్లు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చదువు చెప్పాను. చలికాలం వచ్చిందంటే పిల్లల్ని జూకి, గుడికి, కోటకి తిప్పుకొచ్చే పని నా మీదే పడేది. ఇప్పుడు మనవడితో అదే పని చేస్తున్నాను, జీతం లేకుండా. కాబట్టి చెప్పేవన్నీ కాస్త టీచరమ్మ ధోరణిలోనే ఉంటాయి, ఏమనుకోవద్దు.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీరు బస్సు కోసం ఐదున్నరకే లేపుతారు. అప్పుడే ఒక గంటకు పైగా అప్పు పడినట్టు. ఆ అప్పు సరిగ్గా పన్నెండు, పన్నెండున్నరకి వసూలుకు వస్తుంది. ఆ సమయానికి మీరు కోటలో ఎండలో నిలబడి ఉంటే, ఎంత బుద్ధిమంతుడైనా నేల మీద పడి దొర్లుతాడు. చూసేవాళ్లు మొండి పిల్లాడు అంటారు. వాడికి నిద్ర చాలలేదు, అంతే. అందుకని నేను ప్లాన్ వేసేటప్పుడు ముందు నిద్ర ఎక్కడ, తిండి ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ అని రాసుకుంటాను. ఈ మూడూ కుదిరాక మిగిలిన సమయంలో ఏం పడితే అవి చూస్తాం.

మీ రోజుకి నా ఎంపిక: పొద్దున జూ, సాయంత్రం వేయి స్తంభాల గుడి, మధ్యలో నిద్ర. మీరు హసన్‌పర్తి మీదుగా వస్తారు కాబట్టి ముందు తగిలేది హన్మకొండ. ఈ రెండు చోట్లూ ఈ పక్కనే ఉన్నాయి. కోట వరంగల్ స్టేషన్ దాటి అవతల ఉంది. అటు వెళ్లి ఇటు రావడానికి ఆటోలో పోయే సమయమంతా బాబు ఓపికలోంచే పోతుంది.

బస్సు సంగతి. మీ హుజూరాబాద్‌లోనే డిపో ఉంది కదా, అక్కడ బయలుదేరే బస్సే ఎక్కండి. కరీంనగర్ నుంచి వచ్చేవి మీ దగ్గరికి చేరేసరికే నిండిపోయి ఉంటాయి. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మీకూ అత్తమ్మకూ జీరో టికెట్ కొడతారు, ఆధార్ కార్డులు పైన పర్సులోనే పెట్టుకోండి. ఐదేళ్ల లోపు బాబుకీ టికెట్ ఉండదు. డబ్బులిచ్చేది మీ ఆయన ఒక్కరే. అయితే టికెట్ లేని పిల్లాడికి సీటు కూడా ఉండదు, గంటసేపు ఒళ్లోనే. బస్సులో వాంతి చేసుకునే అలవాటుంటే బయలుదేరే ముందు గ్లాసెడు పాలు తాగించకండి, ఒక ఇడ్లీ చాలు. ముందువైపు కిటికీ పక్కన కూర్చోండి. వెనక చక్రాల మీది సీటైతే కుదుపులకి పెద్దవాళ్లకే తిప్పుతుంది.

ఇక అత్తమ్మ. ఇంత దూరం వచ్చి భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకోకుండా పోదామంటే ఏ అత్తమ్మా ఒప్పుకోరు, ఒప్పుకోమని అడగడం కూడా న్యాయం కాదు. హన్మకొండ బస్టాండ్‌లో దిగగానే రెండు జట్లుగా విడిపోండి. మీ ఆయన, అత్తమ్మ ఆటో మాట్లాడుకుని భద్రకాళి గుడికి వెళ్తారు. మీరు, బాబు నేరుగా జూకి. దర్శనం అయ్యాక వాళ్లే మీ దగ్గరికి వస్తారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి వాళ్లకీ పొద్దున్నే నయం. పెద్ద సంచి మీ ఆయన దగ్గర ఉంచి, మీరు చిన్న సంచితో వెళ్లండి.

'ఫ్యామిలీ అంతా కలిసి వెళ్దామని కదా వచ్చాం' అని మీ ఆయన అనొచ్చు. మధ్యాహ్నం నుంచి అందరూ కలిసే ఉంటారు. పిల్లాడికి పొద్దున తొమ్మిది నుంచి పదకొండు వరకు ఉండే హుషారు మళ్లీ ఆ రోజుకి రాదు. దాన్ని తీసుకెళ్లి క్యూలో నిలబెట్టడం నాకు నచ్చదు. అదీ శుక్రవారమో, నవరాత్రులో, ఆషాఢంలో శాకంబరి ఉత్సవాల రోజులో అయితే ఆ వరసలో పిల్లలు పడే అవస్థ చూడలేం.

జూ అని మనం అనేది హంటర్ రోడ్డులోని కాకతీయ జూలాజికల్ పార్కు. పాతవాళ్లు ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రం అనే అంటారు. హైదరాబాద్ నెహ్రూ జూ చూసిన వాళ్లు ఇది చూసి 'ఇంతేనా' అని పెదవి విరుస్తారు. మూడేళ్ల పిల్లాడికి ఇంతే కావాలి. అక్కడైతే సగం దారిలోనే ఎత్తుకోమంటాడు, ఇక్కడ చెట్ల నీడలో వాడి కాళ్ల మీద వాడే చాలా దూరం తిరగగలడు. వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, తేదీ ఖాయం చేసుకునే ముందు అది చూసుకోండి. గేటు తెరిచే సమయానికి వెళ్లడం మంచిది, జంతువులు కూడా పొద్దున పూటే కదులుతూ ఉంటాయి.

లోపలికి వెళ్లాక అన్నీ వరసపెట్టి చూపించే ప్రయత్నం చేయకండి. బాబును ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి. మా నర్సరీ పిల్లలు ఎప్పుడూ జింకల దగ్గరే ఎక్కువసేపు ఆగేవాళ్లు. జింక కంచె దగ్గరికి వస్తుంది, చెవులు ఆడిస్తుంది, నోరు పక్కకి తిప్పి నములుతుంటే ఆ నమలడం కూడా కనిపిస్తుంది. చిరుతపులి అలా కాదు, ఏ మూల నీడలోనో పడుకుని ఉంటుంది. 'అదిగో చూడు, అదిగో' అని మనం వేలు చూపిస్తుంటే పిల్లలు మన వేలినే చూస్తారు. దూరంలో కదలకుండా ఉన్నదాన్ని వెతికి పట్టుకోవడం ఆ వయసుకి కష్టం. పులిని చూడలేదని మీరు బాధపడొద్దు, వాడైతే పడడు.

ఒకసారి కింద కూర్చుని వాడి కళ్ల ఎత్తు నుంచి చూడండి. చాలాచోట్ల మూడడుగుల మనిషికి కనిపించేది గోడా, ముందు నిలబడ్డ వాళ్ల నడుములూ. అలాంటి చోట ఎత్తుకోవాలి, మిగతాచోట్ల నడిపించాలి. ఒక్కో జంతువు దగ్గర ఒక్క ప్రశ్న చాలు: దీనికి తోక ఉందా? ఇది ఏం తింటోంది? దీని కాళ్లు ఎన్ని? బోర్డు మీదున్న సమాచారమంతా చదివి వినిపించే తండ్రులు ఉంటారు, వాళ్ల పిల్లలు ఆలోపు పక్కనున్న చీమల బారు చూస్తుంటారు. చీమలు చూసినా పర్వాలేదు, కాసేపు చూడనివ్వండి. జంతువులకు తినేవి వేయకూడదు. చిప్స్ ప్యాకెట్ బయటికి తీస్తే కోతులే మీ దగ్గరికి వస్తాయి, కాబట్టి అది సంచిలోనే ఉండాలి.

పదకొండున్నరకల్లా బయటికి రండి, చూడనివి మిగిలినా సరే. వచ్చే ముందు టాయిలెట్‌కి తీసుకెళ్లండి, 'రావట్లేదు' అన్నా సరే. మూడేళ్ల పిల్లలు 'వస్తోంది' అని చెప్పేసరికి మనకు మిగిలేది ఒకటో రెండో నిమిషాలు. ఎక్కడికి వెళ్లినా మొదట టాయిలెట్ ఎక్కడుందో కనుక్కుని పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. బస్టాండ్‌లో డబ్బులు తీసుకునేవి ఉంటాయి, చిల్లర దగ్గర పెట్టుకోండి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు ఏమీ చూడొద్దు. ఈ మూడున్నర గంటలు వేస్టు అనిపిస్తుంది, కానీ సాయంత్రం సంగతంతా వీటి మీదే ఆధారపడి ఉంది. మీ వైపు వాళ్లకి హన్మకొండలో చుట్టం లేకుండా ఉండరు. ముందురోజే ఫోన్ చేసి 'మేం తినే వస్తున్నాం, బాబును పడుకోబెట్టడానికి ఒక గది, ఒక ఫ్యాను చాలు' అని చెప్పండి. వాళ్లు ఊరుకోరు, 'గింత దూరమొచ్చి తినకుంట పోతరా' అంటారు. కోడి కోసేదాకా పోతుంది వ్యవహారం. ఒకసారి పొయ్యి మీద కూర పడిందంటే విస్తరి పడేసరికి రెండున్నర, బాబు నిద్ర గోవిందా. పప్పుచారు, అన్నం దాటి ఏం చేసినా వచ్చేది లేదని నవ్వుతూనే గట్టిగా చెప్పండి. ఆ మాట మీరు చెప్తే కోడలికి పొగరంటారు, అత్తమ్మతో చెప్పించండి.

చుట్టాలు వద్దనుకుంటే బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జిలో ఒక గది తీసుకోండి. పెద్దవాళ్లందరి ఆధార్ అడుగుతారు. మీరు ముగ్గురూ కాస్త నడుము వాల్చొచ్చు, స్నానాల గది సొంతంగా ఉంటుంది, ఆ డబ్బులు ఊరికే పోయినట్టు కాదు. డిసెంబర్, జనవరిలో అయితే పబ్లిక్ గార్డెన్‌లో చెట్టు కింద దుప్పటి పరిచినా నడుస్తుంది. ఏసీ హోటల్‌లో సోఫా మీద పడుకోబెడదాం అనుకోవద్దు. చల్లగా ఉంటుంది నిజమే, కానీ గిన్నెల చప్పుడుకి పావుగంటలో లేస్తాడు, ఆ అరకొర నిద్ర అసలు నిద్ర లేకపోవడం కంటే చెడ్డది.

తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి, బాబు వరకైనా. తెల్లవారి అన్నం మెత్తగా వండి, చేత్తో మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఉప్పు వేసి, ఒక చిన్న చెంచా పెరుగు కలిపి స్టీలు డబ్బాలో పెట్టండి. దారిలోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నం అవుతుంది. పొద్దున్నే పెరుగు పోసి కలిపితే పన్నెండింటికి పులిసిపోయి వాడు నోట్లో పెట్టుకోడు. పెద్దవాళ్లకి సర్వప్పలు (బియ్యప్పిండితో చేసే కారం రొట్టెలు) చేసుకోండి, ఆరినా బాగుంటాయి. బాబుకి మాత్రం అందులోని పల్లీ బద్దలు, శనగపప్పు తీసేసి మెత్తటి ముక్కలే పెట్టండి. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ద్రాక్షపళ్లయినా నిలువుగా కోసి ఇవ్వాలి. కదిలే బస్సులో, ఆటోలో ఏమీ తినిపించొద్దు. బ్రేకు పడి, నోట్లోది లోపలికి పోతే రోడ్డు మీద ఏం చేయగలం?

రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్లు, ఐసు గోళాలు, చట్నీలు బాబుకి వద్దు. వానాకాలమైతే నిప్పుల మీద కాల్చిన మక్క కంకి కొనివ్వొచ్చు, నాలుగు గింజలు ఒలిచి, నలిపి పెడితే చాలు. నీళ్లు రెండు సీసాలు ఇంటివే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి సంచిలో ఉండాలి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడి లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసుకి చిటికెడు అని అంచనాగా కలపకూడదు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యటి డ్రింకులు అసలు ఓఆర్‌ఎస్ కావని హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) వాటికి ఆ పేరు వాడకూడదని చెప్పింది. కొనేటప్పుడు మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఉన్న పొడి అడగండి. బాబు నోరు ఆరిపోతున్నా, గంటల తరబడి ఒంటికి పోకపోయినా తిరగడం ఆపేసి నీడలో కూర్చోబెట్టాలి. చిన్నపిల్లల ఒళ్లు మనకంటే త్వరగా వేడెక్కుతుంది.

నాలుగింటికి వేయి స్తంభాల గుడికి. ఎందుకు సాయంత్రం అంటున్నానంటే, గుడి బయటే చెప్పులు విప్పాలి. నల్లరాయి మధ్యాహ్నం ఎండకి కాలిపోతుంది. పెద్దవాళ్లమే గెంతుకుంటూ పోతాం, ఇక పిల్లల పాదాల సంగతి చెప్పేదేముంది. నాలుగు దాటాక కూడా బండలు కొంత వేడిగానే ఉంటాయి కాబట్టి బాబుకి నూలు సాక్సులు తెచ్చుకోండి. బయట బండల మీద నడిచేంతసేపే అవి. మండపం లోపలికి అడుగుపెట్టగానే విప్పేయండి. లోపలి రాయి అద్దంలా నునుపు, సాక్సులతో పరుగెత్తితే జర్రున జారతాడు.

కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుడులు, నక్షత్రం ఆకారంలో పీఠం. విప్పదీసి మళ్లీ కట్టిన కల్యాణ మండపాన్ని 2024 మహాశివరాత్రికి తెరిచారు, చాలా ఏళ్ల కిందట చూసిన అత్తమ్మకు అది కొత్తగా ఉంటుంది. మీవాడికి ఇవేవీ పట్టవు. వాడికి ఏనుగులు కావాలి, రాతి ఏనుగులు ఉన్నాయి. నంది కావాలి, ఒకే నల్లరాతిలో చెక్కిన పెద్ద నంది ఉంది. దాని మెడ చుట్టూ వేలాడే గంటల వరసలు చూపించి, ఒక్కో గంట దగ్గర 'టింగ్' అనమనండి. ఎక్కించి ఫోటో తీయకండి, అది ఆర్కియాలజీ వాళ్ల రక్షణలో ఉన్న కట్టడం. పైగా అది వాహనం, అత్తమ్మే ముందు కోప్పడతారు.

స్తంభాల దగ్గర నేను పిల్లలతో ఒక పని చేయించేదాన్ని. స్తంభం మధ్యలో గుండ్రటి వలయాలు, గాడులు ఉంటాయి, చక్రం మీద పెట్టి తిప్పి తీసినట్టు. పిల్లాడి చూపుడు వేలు గాడిలో పెట్టి చుట్టూ తిప్పనివ్వండి. వేలు ఎక్కడా గుచ్చుకోదు, ఆగదు. తర్వాత మొహం దగ్గరగా పెట్టి చూడమనండి, బాగా నునుపు తేలిన రాయి మీద వాడి మొహం మసకగా కనిపిస్తుంది. అక్కడి నుంచి కదలమంటే కదలరు. స్తంభాలు లెక్కపెట్టమంటే 'ఒకటి, రెండు, మూడు, ఏడు, పది' అని ముగించేస్తారు. నిజంగా వెయ్యి ఉన్నాయా అని అడిగేది ఆరేళ్ల తర్వాత, అప్పటికి జవాబు సిద్ధం చేసుకుందురుగాని.

జాగ్రత్త పడాల్సింది మండపం అంచుల దగ్గర. పిట్టగోడ లేని చోట్ల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఒకరు ఫోటోలు తీస్తుంటే ఇంకొకరు ఫోన్ జేబులో పెట్టుకుని బాబునే చూడాలి. ఎవరు చూస్తున్నారో పైకి చెప్పుకోండి: 'ఇప్పుడు నేను చూస్తున్నా'. నలుగురు పెద్దవాళ్లు ఉన్నచోటే పిల్లలు తప్పిపోతారు, ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు.

తప్పిపోవడం అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. బయలుదేరే ముందు ఆ రోజు వేసిన బట్టల్లో బాబును నిలబెట్టి ఒక ఫోటో తీయండి. కంగారులో 'ఏ రంగు చొక్కా' అంటే తల్లికి కూడా గుర్తుకు రాదు. మీ ఇద్దరి నంబర్లూ బాల్‌పెన్‌తో ముంజేతి లోపలివైపు రాయండి. పేరు మెడలో వేలాడదీయకండి, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పిల్లలు వెళ్లిపోతారు. 'అమ్మ కనిపించకపోతే ఎక్కడికీ పోకుండా అక్కడే నిలబడి అమ్మా అని గట్టిగా పిలువు' అని ఇంట్లో రెండు మూడు రోజులు ఆటలాగా ఆడించండి. కనబడకపోతే 112కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి వెంటనే ఫోన్ చేయొచ్చు, ముందు మనమే వెతుకుదాం అని ఆగక్కర్లేదు.

సంచిలో రెండు జతల బట్టలు, మూడు నిక్కర్లు, ఒక పాత లుంగీ గుడ్డ, ప్లాస్టిక్ కవర్లు, టోపీ, జ్వరం మందు (మీ డాక్టర్ రాసిన మోతాదు రాసుకుని), ఇంట్లో వాడు పట్టుకుని పడుకునే బొమ్మ ఏదైనా ఉంటే అది. స్ట్రోలర్ మోసుకు రాకండి, మన ఫుట్‌పాత్‌ల మీద దాన్ని మీరే ఎత్తుకోవాల్సి వస్తుంది. అలసిపోతే నాన్న భుజాలున్నాయి.

రోజు ఎంపిక గురించి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు మామూలే, అప్పుడు పిల్లాడిని ఊరు తిప్పడం వద్దే వద్దు. మహాశివరాత్రి, కార్తీక సోమవారాలు, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజు వేయి స్తంభాల గుడిలో ఇసుక వేస్తే రాలనంత జనం. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది, ఆ వారం ముందూ వెనకా బస్సులన్నీ అటే పోతాయి, హన్మకొండ బస్టాండ్‌లో నిలబడే చోటు కూడా ఉండదు.

కోట వదిలేయమన్నానని మీ ఆయన నొచ్చుకోవచ్చు. దానికి ఇంకో రోజు పెట్టుకోండి, అప్పుడు వరంగల్ వైపు దిగి ఎనిమిదికల్లా అక్కడ ఉండండి. తోరణాల చుట్టూ అంతా మైదానం, నీడ తక్కువ, తొమ్మిదిన్నర దాటితే ఎండ నెత్తిన కూర్చుంటుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, పైన హంసలు. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదే కాబట్టి, ఏ పుస్తకం మీదో ఆ బొమ్మ ముందే చూపించి తీసుకొస్తే పిల్లాడు దూరం నుంచే గుర్తుపట్టి అరుస్తాడు. కింద పరిచి ఉన్న చెక్కిన రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వకండి, తేళ్లుంటాయి. కోటలోని ఏకశిల గుట్ట మెట్లు బాబుతో ఎక్కొద్దు, దిగేటప్పుడు ఎత్తుకోవాల్సింది మీరే. నన్నడిగితే కోటలో పిల్లలకు అన్నిటికంటే నచ్చేది అక్కడి ఊరు. కోట గోడల లోపలే జనం కాపురాలున్నాయి, మేకలు, బర్రెలు, కోళ్లు దారిలోనే ఎదురవుతాయి. రుద్రమదేవి కథ కంటే మేకపిల్లే ముందు.

అనుకున్న రోజు ముసురు పట్టిందనుకోండి, గుడీ జూ రెండూ మానేసి కాజీపేట జంక్షన్‌కి వెళ్లండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ రెండు గంటలు నడుస్తుంది. ఢిల్లీ వైపు, హైదరాబాద్ వైపు, విజయవాడ వైపు లైన్లు కలిసే చోటు, రైళ్లకు కొదవ లేదు. సింగరేణి బొగ్గు గూడ్సు వస్తే యాభైకి పైగా పెట్టెలు ఒకటొకటిగా కళ్ల ముందు నుంచి పోతుంటాయి. షెడ్డు కింద తడవకుండా కూర్చుని, తెచ్చుకున్న డబ్బా తినిపించొచ్చు. పట్టాల దగ్గర మాత్రం పిల్లాడి వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. వేళ్లయితే విదిలించుకుని పోతారు.

సాయంత్రం గుడి నుంచి ఐదున్నరకి కదిలి హన్మకొండ బస్టాండ్‌కి వెళ్లిపోండి. దారిలో చేతులు చాచి బస్సు ఆపుదామని చూడకండి, బస్టాండ్‌లో ఎక్కితేనే ఆ వేళప్పుడు సీటు దొరుకుతుంది. ఎక్కే ముందే టాయిలెట్, ఎక్కే ముందే ఏదైనా తినిపించడం అయిపోవాలి, ఎందుకంటే హసన్‌పర్తి దాటేసరికి బాబు నిద్రపోతాడు. ఇంటికి చేరాక స్నానమనీ అన్నమనీ లేపకండి, తడిగుడ్డతో కాళ్లు, మొహం తుడిచి పడుకోబెట్టేయండి. అర్ధరాత్రి ఆకలని లేస్తే పాలు ఇస్తే సరిపోతుంది.

ఇంకొకటి, మీరు ఆదివారం అన్నారు. మీ ఆయనకు సెలవు దొరికితే శనివారం పెట్టుకోండి, జూలో జనం తక్కువ ఉంటారు. మర్నాడు అందరికీ ఇంట్లోనే కాబట్టి బాబు ఎంతసేపు పడుకున్నా లేపాల్సిన పని ఉండదు.